సైడ్‌బార్ పక్కనా, కిందా? సొంత పట్టీ చుట్టూ ఇరవై ఏళ్ల వాదం

2022 జనవరిలో, వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ 5.9తో పాటు ‘ట్వంటీ ట్వంటీ-టూ’ అనే థీమ్ వచ్చింది. దాన్ని పెట్టుకున్నవాళ్లు డాష్‌బోర్డులో ‘విడ్జెట్లు’ అన్న మెనూ కోసం వెతికితే అది లేదు. అప్పటికి పదిహేనేళ్లుగా సైట్‌కు సైడ్‌బార్ పెట్టాలన్నా, ఉన్నదాన్ని మార్చాలన్నా అందరూ వెళ్లింది ఆ మెనూకే. ఇక సలహా అడిగితే నాలుగు రకాలుగా దొరికేది. ఫైల్లో కొన్ని వరుసలు రాసుకోమని ఒకరు, ప్లగిన్ వేసుకోమని ఒకరు, బ్లాకులతో కట్టుకోమని మరొకరు, అసలు సైడ్‌బారే వద్దని ఇంకొకరు. నాలుగూ సరైన సలహాలే. కాకపోతే ఒక్కోటి ఒక్కో కాలానికి సరైనది.

ఈ చిక్కు విప్పాలంటే కలిసిపోయిన రెండు ప్రశ్నలను ముందు విడదీయాలి. సైడ్‌బార్ ఎలా పెట్టాలన్నది ఒకటి. దానికి జవాబులున్నాయి, నాలుగేళ్లకోసారి మారుతుంటాయి. అందులో పెట్టింది ఎవరికి, ఎప్పుడు కనిపించాలన్నది రెండోది. నేర్పించే పాఠాల్లో ఎక్కువ భాగం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. ఫోన్‌లో చదివే పాఠకుడికి, అందులోనూ తెలుగు చదివేవాడికి, ఇబ్బంది మాత్రం రెండోదాన్ని వదిలేయడం వల్లే వస్తుంది.

గడుల నుంచి విడ్జెట్ల దాకా

తొలినాటి వెబ్‌పేజీల్లో సైడ్‌బార్ అంటే హెచ్‌టీఎంఎల్ టేబుల్లో ఒక గడి. ఎడమ గడిలో లింకులు, కుడి గడిలో విషయం. సీఎస్‌ఎస్ వాడకం పెరిగాక టేబుళ్లు పోయి ‘ఫ్లోట్’ వచ్చింది. ఒక పెట్టెను ఎడమకు, ఇంకోదాన్ని కుడికి తేల్చి, వెడల్పులు కూడితే వందశాతం దాటకుండా చూసుకోవాలి. ఒక్క పిక్సెల్ దాటినా సైడ్‌బార్ కిందికి జారిపడేది. 2006 జనవరిలో ‘ఎ లిస్ట్ అపార్ట్’ పత్రికలో మాథ్యూ లెవిన్ మూడు కాలమ్‌ల లేఔట్ గురించి ఒక వ్యాసం రాశారు. అది పేరుపడింది రెండు అంచుల్లో స్థిరమైన వెడల్పు, నడుమ సాగే కాలమ్ సాధించినందుకు. దాని అసలు గొప్ప వేరే ఉంది. తెర మీద సైడ్‌బార్ ఎడమనే ఉన్నా, కోడ్‌లో మాత్రం ముఖ్య విషయమే ముందు వచ్చేలా ఆయన అమర్చారు. కంటికి కనిపించే వరుస, కోడ్‌లో ఉండే వరుస వేర్వేరని ఆనాడే గుర్తించిన పని అది. పదేళ్ల తర్వాత ఫోన్ల వల్ల ఆ తేడా ఎంత బరువెక్కుతుందో అప్పటికి ఎవరూ ఊహించి ఉండరు.

బ్లాగులు సైడ్‌బార్‌ను ఇంటింటి వస్తువు చేశాయి. 2004లో బ్లాగర్ కొత్త రూపంతో వచ్చినప్పుడు డగ్లస్ బోమన్ గీసిన ‘మినిమా’ టెంప్లేట్ లెక్కలేనన్ని బ్లాగులకు ముఖమైంది. 2005 ఫిబ్రవరిలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 1.5 థీమ్ అనే పద్ధతినే తెచ్చింది. మైకేల్ హైలమన్ రూపొందించిన ‘కుబ్రిక్’ దాని డిఫాల్ట్ థీమ్. కుబ్రిక్‌లో మొదటి పేజీకి కుడివైపు సైడ్‌బార్ ఉండేది, ఒక్కో టపా విడిగా తెరిస్తే ఉండేది కాదు. చదవడానికి కూర్చున్నవాడికి పక్క గోల వద్దన్న పక్షం, దారి చూపించాలన్న పక్షం ఒకే థీమ్‌లో అప్పటికే పంచుకుని కూర్చున్నాయన్నమాట.

అప్పట్లో సొంత సైడ్‌బార్ కావాలంటే ‘సైడ్‌బార్.పీహెచ్‌పీ’ ఫైల్ తెరిచి చేత్తో మార్చాలి. ఒక కామా తప్పితే సైట్ మొత్తం తెల్లటి తెరై కూర్చునేది. 2006లో ఆటోమాటిక్ సంస్థ విడ్జెట్ల ప్లగిన్ తెచ్చింది, 2007 మే నెలలో వర్డ్‌ప్రెస్ 2.2తో అది అసలు సాఫ్ట్‌వేర్‌లోనే కలిసిపోయింది. బ్లాగర్ కూడా ఆ రోజుల్లోనే పెట్టెలను మౌస్‌తో లాగి పెట్టుకునే లేఔట్ పద్ధతికి మారింది. కోడ్ రానివాళ్ల చేతికి సైడ్‌బార్ వచ్చింది అప్పుడే.

తెలుగు బ్లాగులు ఊపందుకున్నదీ సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే. వీవెన్ తయారుచేసిన లేఖినిలో టైపు చేసి, ఆయనదే అయిన బ్లాగుల సంకలిని కూడలి ద్వారా పాఠకులను చేరిన తరం అది. ఆనాటి తెలుగు బ్లాగు సైడ్‌బార్‌లో కూడలి బొమ్మ, లేఖిని లింకు, మిత్రుల బ్లాగుల జాబితా, వచ్చిపోయేవారిని లెక్కపెట్టే కౌంటరు, పాత టపాల నెలవారీ పట్టిక ఉండేవి. వాటిని అలంకారాలని తీసిపారేయడం తొందరపాటు. తెలుగులో వెతికితే సరిగా దొరకని రోజుల్లో ఒక బ్లాగు నుంచి ఇంకో బ్లాగుకు మనుషులు నడిచిన బాట ఆ జాబితాలే. వర్డ్‌ప్రెస్.కామ్ ఉచిత సైట్లలో విడ్జెట్‌లోకి జావాస్క్రిప్ట్ పోనిచ్చేవారు కాదు, బ్లాగర్ ఆ విషయంలో ఉదారంగా ఉండేది. సైడ్‌బార్‌లో కౌంటరు, ప్రకటన వంటివి నడవాలనుకున్నవాళ్లకు ఈ చిన్న తేడా పెద్దదే.

ఎలా పెట్టాలి: నాలుగు దారులు

మొదటి దారి కోడ్. దాని సారాంశం మూడు అంచెలు. థీమ్‌లోని ‘ఫంక్షన్స్.పీహెచ్‌పీ’ ఫైల్లో, విడ్జెట్లు సిద్ధమయ్యే ‘విడ్జెట్స్_ఇనిట్’ హుక్‌కు తగిలించి, ‘రిజిస్టర్_సైడ్‌బార్’ అనే ఫంక్షన్‌తో కొత్త స్థలాన్ని నమోదు చేయాలి. పేరు, ఐడీ, ప్రతి విడ్జెట్‌కు ముందూ వెనుకా రావాల్సిన హెచ్‌టీఎంఎల్ అక్కడ చెప్పాలి. రెండో అంచెలో, పేజీ టెంప్లేట్లో అది ఎక్కడ కనిపించాలో అక్కడ ‘డైనమిక్_సైడ్‌బార్’ను అదే ఐడీతో పిలవాలి. మూడోది సీఎస్‌ఎస్.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది మొదటి రెండు అంచెల మధ్య. నమోదు చేసి పిలవడం మరిచిపోతే డాష్‌బోర్డులో సైడ్‌బార్ నిండుగా ఉంటుంది, సైట్‌లో జాడ ఉండదు. ఖాళీ సైడ్‌బార్ చోటు తినకుండా ఉండాలంటే పిలిచేముందు అందులో విడ్జెట్లు ఉన్నాయో లేదో ‘ఈజ్_యాక్టివ్_సైడ్‌బార్’తో అడగాలి. ఐడీ ఇవ్వకపోవడం ఇంకో పొరపాటు. అప్పుడు వర్డ్‌ప్రెస్ తనే వరుస సంఖ్య వేసుకుంటుంది. రేపు ఇంకో సైడ్‌బార్‌ను దానికంటే ముందు చేరిస్తే సంఖ్యలు జరిగి, ఒకదానిలోని విడ్జెట్లు మరోదానిలో తేలతాయి. ఇది ఎంత సామాన్యమైపోయిందంటే వర్డ్‌ప్రెస్ 4.2 నుంచి ఐడీ లేకపోతే డెవలపర్లకు హెచ్చరిక చూపించడం మొదలుపెట్టారు.

ఈ కోడ్ ఎక్కడ రాయాలన్నది విడిగా ఒక తగవు. అసలు థీమ్ ఫైల్లోనే రాస్తే తర్వాతి అప్‌డేట్‌తో తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే అసలు థీమ్ మీద ఆధారపడుతూ విడిగా ఉండే చైల్డ్ థీమ్. దాని ‘ఫంక్షన్స్.పీహెచ్‌పీ’ అసలు థీమ్ ఫైల్‌కు అదనంగా, అంతకంటే ముందు నడుస్తుంది. టెంప్లేట్ ఫైళ్లు అలా కాదు, చైల్డ్ థీమ్‌లో అదే పేరుతో ఫైల్ ఉంటే అసలుది పక్కకు తప్పుకుంటుంది. ఈ రెండో సంగతిని పాఠాలు తేలిగ్గా దాటేస్తాయి. సైడ్‌బార్ ఒక్కదాని కోసం ‘పేజ్.పీహెచ్‌పీ’ మొత్తం కాపీ చేసుకుంటే, రేపు అసలు థీమ్‌లో ఆ ఫైల్‌కు భద్రతా సవరణ వచ్చినా ఈ సైట్‌కు చేరదు. థీమ్ రచయిత హుక్ ఇచ్చినచోట దాన్ని వాడుకుని, ఫైల్ కాపీని ఆఖరి మార్గంగా ఉంచుకోవడం మేలు.

రెండో దారి ప్లగిన్. ‘కంటెంట్ అవేర్ సైడ్‌బార్స్’ వంటివి ఏ పేజీకి ఏ సైడ్‌బార్ రావాలో డాష్‌బోర్డులోనే నిర్ణయించుకోనిస్తాయి. కథల పేజీకి ఒకటి, సమీక్షల పేజీకి ఒకటి కావాలనుకునే పత్రికకు ఇది చాలా హాయి. థీమ్ మారినా నియమాలు ప్లగిన్ దగ్గరే ఉంటాయి. ప్లగిన్ రచయిత విసిగి వదిలేస్తే మాత్రం నియమాలన్నీ అనాథలవుతాయి.

2016లో వచ్చిన ఎలిమెంటార్ వంటి పేజీ బిల్డర్లది మూడో దారి. లాగి పెట్టడం, చూస్తూ సరిచేయడం వీటి బలం. చిన్న ఊళ్లలో సైట్లు చేసిపెట్టే కుర్రాళ్లు ఎక్కువగా ఎంచుకునేదీ ఇదే, ఎందుకంటే కస్టమర్ పక్కన కూర్చుని ‘కొంచెం ఇటు జరుపు’ అంటే అక్కడికక్కడే జరపొచ్చు. బిల్డర్ తీసేసిన రోజున లేఔట్ కూడా దానితోపాటే పోతుంది.

నాలుగోది బ్లాకులు. 2018 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ 5.0తో రాతకు వచ్చిన బ్లాక్ ఎడిటర్, 2021 జూలైలో 5.8తో విడ్జెట్ల తెరలోకి చొరబడింది. నచ్చనివాళ్ల కోసం పాత తెరను తిరిగి తెచ్చే ‘క్లాసిక్ విడ్జెట్స్’ ప్లగిన్‌ను వర్డ్‌ప్రెస్ బృందమే ఇవ్వాల్సివచ్చింది. తర్వాతి ఆరు నెలల్లోనే 5.9 వచ్చి, బ్లాక్ థీమ్‌లలో విడ్జెట్ స్థలం అన్న భావననే పక్కనబెట్టింది. ఇప్పుడు సైడ్‌బార్ అంటే టెంప్లేట్లో ‘కాలమ్స్’ బ్లాక్ పెట్టి, ఒక కాలమ్‌లో ‘టెంప్లేట్ పార్ట్’ ఉంచడం. పేజీ తలకూ పాదానికీ ఈ వ్యవస్థలో సొంత పేర్లున్న విభాగాలున్నాయి, సైడ్‌బార్ మాత్రం సాధారణ ముక్కల కోవలోకి పోయింది. ఒకప్పుడు థీమ్ పటంలో పేరున్న పేట, ఇప్పుడు సర్వే నంబరు.

ఈ నాలుగు దారుల తేడా అంతా మార్పు ఎక్కడ నిల్వ ఉంటుందన్న దగ్గర తేలుతుంది. చైల్డ్ థీమ్‌లో అది ఫైల్లో ఉంటుంది, కాపీ తీసుకోవచ్చు, ఇంకొకరు చదివి అర్థం చేసుకోవచ్చు. ప్లగిన్, బిల్డర్‌లలో డేటాబేస్‌లో, వాళ్ల సొంత పద్ధతిలో ఉంటుంది. బ్లాక్ థీమ్‌లో కథ తిరగబడింది. సైట్ ఎడిటర్‌లో టెంప్లేట్ మార్చగానే దాని ప్రతి ఒకటి డేటాబేస్‌లో చేరి, థీమ్ ఫైల్‌ను కప్పేస్తుంది. పాత రోజుల్లో అప్‌డేట్ వచ్చి మన మార్పును మింగేది. ఇప్పుడు మన మార్పు కూర్చుని అప్‌డేట్‌ను రానివ్వదు. రెండింటిలో రెండోదే నయమని సైట్ యజమానులు అనుకుంటారు, మొదటిదే నయమని థీమ్ రచయితలు అనుకుంటారు.

ఫోన్ వచ్చాక

2010 మే నెలలో ఈథన్ మార్కాట్ ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ వ్యాసం రాశారు. ఆ మరుసటి ఏడాది ల్యూక్ రోబ్లెవ్‌స్కీ ‘మొబైల్ ఫస్ట్’ పుస్తకం వచ్చింది. 2015 ఏప్రిల్‌లో గూగుల్ ఫోన్‌కు అనువైన పేజీలను మొబైల్ వెతుకులాటలో పైకి తేవడం మొదలుపెట్టింది. మన దేశంలో 2016 సెప్టెంబరులో జియో వచ్చాక కంప్యూటర్ ముఖం చూడకుండానే ఇంటర్నెట్‌లోకి అడుగుపెట్టిన పాఠకులు కోట్లలో చేరారు. వాళ్లకు సైడ్‌బార్ అనేది పక్కన ఎన్నడూ లేదు. అది వ్యాసం అయిపోయాక, వ్యాఖ్యలు కూడా దాటాక, ఎక్కడో అడుగున వచ్చే సామాను.

వర్డ్‌ప్రెస్ డిఫాల్ట్ థీమ్‌లను వరసగా చూస్తే ఈ వెనుకడుగు స్పష్టంగా కనిపిస్తుంది. ‘ట్వంటీ ఫోర్టీన్’లో ఎడమన ఒకటి, కుడిన ఒకటి. ‘ట్వంటీ ఫిఫ్టీన్’లో ఎడమన ఒక్కటే. ‘ట్వంటీ సిక్స్‌టీన్’లో కుడిన ఒక్కటే. ‘ట్వంటీ నైన్‌టీన్’కు వచ్చేసరికి విడ్జెట్లకు మిగిలింది ఫుటర్ మాత్రమే. ఆ తర్వాతి రెండేళ్ల థీమ్‌లూ అదే బాట పట్టాయి. సైడ్‌బార్ లేని థీమ్‌కు సైడ్‌బార్ చేర్చడం ఎలాగన్న ప్రశ్న ఇంత విపరీతంగా పెరగడానికి మూలం ఇదే.

ఇక్కడే రెండు బడులు ఏర్పడ్డాయి. సైడ్‌బార్‌ను తీసేయాలనేవాళ్లు పరిశోధనలను ముందుపెడతారు. 1998లో రైస్ విశ్వవిద్యాలయంలో బెన్‌వే, లేన్ చేసిన ప్రయోగాల్లో, ప్రకటనలా కనిపించే పెట్టెలో అవసరమైన సమాచారమే పెట్టినా జనం దాన్ని చూడకుండా దాటిపోయారు. ‘బ్యానర్ గుడ్డితనం’ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. 2006లో జాకబ్ నీల్సన్ 232 మంది కంటిచూపును గమనించి, వాళ్లు పేజీని ఇంగ్లిష్ ‘ఎఫ్’ అక్షరం ఆకారంలో చూస్తున్నారని చెప్పారు. పైన రెండు అడ్డగీతలు, ఎడమ అంచున కిందికి ఒక నిలువు. కుడి కాలమ్ ఆ దారిలో పడదు.

నిలబెట్టాలనేవాళ్లు ఇదే సాక్ష్యాన్ని వేరేలా చదువుతారు. జనం చూడకుండా దాటేసింది ప్రకటనలా కనిపించినదాన్ని. ఏళ్ల తరబడి కుడి పట్టీని ప్రకటనలతో నింపి, ఇప్పుడు అక్కడ ఎవరూ చూడరనడం ఎవరి తప్పు? వ్యాసానికి సంబంధించిన విషయసూచిక, రచయిత పరిచయం, అదే ధారావాహికలోని మిగతా భాగాలు పక్కన ఉంటే పెద్ద తెర మీద ఉపయోగం నిజమేనని వీళ్ల వాదన. చాలా వెడల్పైన తెర మీద వాక్యాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు పరిస్తే చదవడమే కష్టం. వరుస పొడుగు తగ్గించడానికి ఎలాగూ పక్కన చోటు వదలాలి, ఆ చోటును పనికొచ్చేలా వాడుకోవచ్చు కదా.

రెండు బడుల్లో నిలబెట్టాలనే బడివైపే మొగ్గు చూపాలి, అదీ ఒక షరతుతో. ఫోన్‌లో ఈ పట్టీ ఏ వరుసలో వస్తుందో ముందు నిర్ణయించాకే పెద్ద తెర మీద దాని చోటు నిర్ణయించాలి. విషయసూచిక ఫోన్‌లో వ్యాసానికి ముందు రావాలి. రచయిత పరిచయం తర్వాత రావాలి. ఈ రెండూ ఒకే సైడ్‌బార్‌లో ఉంటే ఫోన్‌లో రెండూ కలిసే కదులుతాయి, ఏదో ఒకటి తప్పు చోట పడుతుంది. కాబట్టి వాటికి రెండు వేర్వేరు విడ్జెట్ స్థలాలు నమోదు చేసుకోవాలి. ఇంత చిన్న సంగతి కోడ్ పాఠాల్లో దొరకదు.

వికీపీడియా ఎడమ పట్టీ

తెలుగువాళ్లు రోజూ చూసే సైడ్‌బార్లలో అందరిదీ అనదగ్గది వికీపీడియాది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాని ఎడమ పట్టీని థీమ్ ఫైల్లో ఎవరూ మార్చరు. వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేర్ మీడియావికీలో ఆ పట్టీ కూడా ఒక పేజీయే. ఒక నక్షత్రం పెడితే విభాగం పేరు, రెండు నక్షత్రాలు పెడితే లింకు. నిర్వాహకులు దాన్ని మారుస్తారు, మార్పు ఎవరు ఎప్పుడు చేశారో చరిత్రలో ఉంటుంది, పేచీ వస్తే రచ్చబండలో మాట్లాడుకుంటారు. తనకు మాత్రమే అదనపు లింకు కావాలనుకున్న సభ్యుడు సొంత జావాస్క్రిప్ట్ పేజీలో ఒక వరుస రాసుకుంటే చాలు, మిగతా ఎవరికీ అది కనిపించదు. అందరి సైడ్‌బార్, నా సైడ్‌బార్ అన్న రెండింటినీ ఇంత శుభ్రంగా విడదీసిన వ్యవస్థ థీమ్‌ల లోకంలో లేదు.

2010 నాటి ‘వెక్టర్’ రూపం స్థానంలో వచ్చిన ‘వెక్టర్ 2022’ ఈ పట్టీని ముడుచుకునేదిగా మార్చింది. చదివే భాగం వెడల్పుకు హద్దు పెట్టింది. 2023 జనవరిలో ఇంగ్లిష్ వికీపీడియాకు అది డిఫాల్ట్ అయ్యాక పాత రూపానికే పోవాలంటూ అక్కడ పెద్ద చర్చ నడిచింది. పక్కన తెల్లగా మిగిలిన చోటు మీదే చాలామంది కోపం. అన్నిటికంటే మనకు ముఖ్యమైన మార్పు వేరొకటి. ఎడమ పట్టీలో కిందికి వరసగా ఉండే ఇతర భాషల లింకులు, వ్యాసం శీర్షిక పక్కన ఒక బటన్‌లోకి చేరాయి. ఒకే విషయాన్ని రెండు భాషల్లో చూసుకునే పాఠకుడికి ఇప్పుడు ఆ లింకు పేజీ నెత్తి మీదే ఉంది, కానీ నొక్కితేగాని ఏయే భాషలున్నాయో పేర్లు తెలియవు. ఉన్నట్టు చూపించడమా, దగ్గరగా పెట్టడమా అన్న బేరంలో రెండోది గెలిచింది.

కర్ఖేలి దగ్గర పెట్టి చూస్తే

ఈ వాదాలన్నిటికీ గట్టి పరీక్ష ఒకే లిపి చదివే మహానగరంలో దొరకదు, లిపులు కలిసే సరిహద్దు ఊరిలో దొరుకుతుంది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ పోయే రైలు మార్గంలో బాసర, ధర్మాబాద్ దాటాక కర్ఖేలి వస్తుంది. నాందేడ్ జిల్లా, ధర్మాబాద్ తాలూకా. 1956 దాకా ఈ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది, ఆ ఏడాది బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వెళ్లింది. ఆఫీసు కాగితం మరాఠీలో ఉంటుంది, సరిహద్దు ఊళ్లలో తెలుగు వినిపిస్తుంది, జిల్లాలో ఉర్దూ చదివేవారికి కొదవలేదు. నాందేడ్ జిల్లా ప్రభుత్వ సైట్ మరాఠీ, ఇంగ్లిష్‌లలో ఉంది. పొరుగున నిజామాబాద్ సైట్ తెలుగు, ఇంగ్లిష్‌లలో ఉంది. రెండూ జాతీయ సమాచార కేంద్రం జిల్లాలకు ఇచ్చే ఒకే చట్రం మీద కట్టినవి. సరిహద్దు గీత ఇవతల సైట్‌లో తెలుగుకు చోటు లేదు, గీత అవతల మరాఠీకి లేదు. ఇలాంటి ఊరికి ఒక సైట్ కట్టి మరాఠీ, తెలుగు, ఉర్దూ మూడింట్లోనూ నడపాలనుకుంటే సైడ్‌బార్ ఏమవుతుంది?

ముందుగా వెడల్పు. ఇంగ్లిష్ సైట్ల కోసం చేసిన థీమ్‌లో సైడ్‌బార్ సాధారణంగా ఇరుకుగానే ఉంటుంది. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు మాటలకే అతుక్కుంటాయి. ‘కార్యక్రమాలన్నింటిలోనూ’ అని రాస్తే వరుసలో ఇంకో మాటకు చోటుండదు. అంచులు సమం చేయమని సీఎస్‌ఎస్‌లో రాసి ఉంటే మాటల మధ్య నదులు పారతాయి. పదాన్ని విరవనిస్తే విరుగు ఎక్కడ రావాలో బ్రౌజర్‌కు తెలియాలి. భారతీయ భాషలకు హైఫనేషన్ నమూనాలు తయారుచేసిన సంతోష్ తొట్టింగల్ కృషిలో తెలుగూ ఉంది. అయితే పేజీకి ‘ఇది తెలుగు’ అన్న భాషా గుర్తు లేకపోతే ఆ నమూనాలు నిద్ర లేవవు. సైట్ మొత్తానికి ఇంగ్లిష్ అని గుర్తు వేసి లోపల తెలుగు రాసే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. కళ్లు కనిపించనివారి కోసం పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా ఆ గుర్తునే నమ్ముకుంటుంది.

తర్వాత ఎత్తు. తెలుగు వత్తులు వరుస కిందికి వేలాడతాయి. సైడ్‌బార్‌కు చిన్న అక్షరాలు, బిగువు వరుసలు పెట్టడం థీమ్‌ల రివాజు. దానిమీద పొంగితే కత్తిరించమన్న నియమం కూడా ఉంటే ‘స్త్ర్య’లు, ‘క్ష్మి’లు సగానికి తెగుతాయి. మరాఠీకి పైన తలకట్టు గీత, దాని మీద మాత్రలు. ఉర్దూ నస్తాలీఖ్‌లో రాస్తే అక్షరాలు ఏటవాలుగా మెట్లు దిగుతాయి కనుక మూడింటిలోకీ ఎక్కువ వరుస ఎత్తు దానికే కావాలి. ఒకే సంఖ్య మూడు లిపులకూ సరిపోదు. భాషనుబట్టి సీఎస్‌ఎస్ విడదీసి రాయాలి.

విడ్జెట్ శీర్షికల మీద ఇంకో ఉచ్చు ఉంది. వాటిని పెద్దక్షరాల్లోకి మార్చి, అక్షరాల మధ్య ఎడం పెంచడం ఇంగ్లిష్ థీమ్‌ల సోకు. మనకు పెద్దక్షరాలు లేవు కాబట్టి మొదటి నియమం ఏమీ చేయదు. రెండోది మాత్రం తెలుగు మాటను చెదరగొడుతుంది, మరాఠీ తలకట్టును ముక్కలు చేస్తుంది, ఉర్దూలో కలిసి ఉండాల్సిన అక్షరాలను విడగొడుతుంది. సొంత సైడ్‌బార్ పెట్టుకున్నవాళ్లు మొట్టమొదట తీసేయాల్సిన వరుస అది.

చివరిది దిశ. ఉర్దూ పేజీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. థీమ్ సరిగా రాసి ఉంటే సైడ్‌బార్ తనంతట తనే అవతలి వైపుకు మారాలి. ‘ఎడమ’, ‘కుడి’ అని రాసిన పాత సీఎస్‌ఎస్‌కు ఇందుకోసం విడిగా తలకిందుల ఫైల్ కావాలి. ‘మొదలు’, ‘చివర’ అని రాసే కొత్త పద్ధతిలో ఆ అవసరం లేదు. సైడ్‌బార్‌లో ఏముండాలో కూడా భాషనుబట్టి మారుతుంది. గ్రామపంచాయతీ నోటీసు మరాఠీ పేజీలో పైన ఉండాలి, తెలంగాణ వైపు వెళ్లే రైళ్ల వేళలు తెలుగు పేజీలో ముందు ఉంటే ఉపయోగం. పాలీల్యాంగ్ ప్లగిన్ ఒక్కో విడ్జెట్‌కు ఒక్కో భాష కేటాయించనిస్తుంది, కాబట్టి పాత తరహా క్లాసిక్ థీమ్‌లో ఇది తేలిక. బ్లాక్ థీమ్‌లో టెంప్లేట్ పార్ట్‌ను భాషకొకటిగా నడపాల్సివస్తుంది. మొత్తంగా కొత్తదే మెరుగన్న ప్రచారం ఈ ఒక్క చోట తలవంచుతుంది.

ఇంకా తేలనివి

థీమ్ మారిస్తే సైడ్‌బార్‌లోని సరుకు ఏమవాలన్నది అన్నిటికంటే పాత తగవు. 2017 నవంబరులో వర్డ్‌ప్రెస్ 4.9 కొంత తెలివి చూపింది. పాత థీమ్ సైడ్‌బార్‌కూ కొత్తదానికీ పోలిక వెతికి విడ్జెట్లను అటు మార్చడానికి ప్రయత్నిస్తుంది, పోలిక దొరకనివి ‘నిద్రాణ విడ్జెట్ల’లోకి చేరతాయి. క్లాసిక్ థీమ్ నుంచి బ్లాక్ థీమ్‌కు మారినప్పుడు మాత్రం చేత్తో మళ్లీ కట్టుకోవడమే ఎక్కువ సైట్ల అనుభవం. పదేళ్లు పోగైన మిత్రుల లింకులు, పాత సంచికల పట్టికలు ఇలాంటి మార్పుల్లో చడీచప్పుడు లేకుండా రాలిపోతాయి.

విడ్జెట్‌కు తన వెడల్పు తనకు తెలియాలా అన్నది మరో ప్రశ్న. మీడియా క్వెరీ మొత్తం తెర వెడల్పునే చూస్తుంది. తెర పెద్దదైనా సైడ్‌బార్ ఇరుకు కావచ్చన్న సంగతి దానికి పట్టదు. 2023 ఫిబ్రవరికల్లా ముఖ్యమైన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చిన ‘కంటైనర్ క్వెరీ’తో ఒక పెట్టె తను ఉన్న చోటును చూసుకుని రూపం మార్చుకోగలదు. పుస్తక పరిచయం పెట్టె సైడ్‌బార్‌లో ఉంటే బొమ్మ పైన, పేరు కింద. వ్యాసం నడుమ ఉంటే బొమ్మ పక్కన పేరు. తెలుగు శీర్షికల పొడుగుకు ఇది ఇంగ్లిష్‌కంటే మనకే ఎక్కువ అక్కర. థీమ్‌లు దీన్ని ఇంకా పొదుపుగానే వాడుతున్నాయి.

వరుస సంగతి మాత్రం లెవిన్ వ్యాసం నాటి నుంచీ వెంటాడుతూనే ఉంది. 2017 మార్చిలో ప్రధాన బ్రౌజర్లలోకి వచ్చిన సీఎస్‌ఎస్ గ్రిడ్‌తో సైడ్‌బార్‌ను తెర మీద ఎక్కడికైనా మార్చేయడం రెండు వరుసల పనైంది. దాంతో కంటికి ఒక వరుస, కీబోర్డు ట్యాబ్‌తో నడిచేవారికీ వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ ఇంకో వరుస ఏర్పడటం మరీ తేలికైపోయింది. చూపున్నవాడు ముందు విషయసూచిక చూస్తాడు, వినేవాడికి అది వ్యాసం అయిపోయాక వినిపిస్తుంది. 2025లో క్రోమ్ ‘రీడింగ్-ఫ్లో’ అనే గుణం తెచ్చి, తెర మీది వరుసనే చదివే వరుసగా తీసుకోమని సీఎస్‌ఎస్‌లో చెప్పే వీలిచ్చింది. అన్ని బ్రౌజర్లూ దాన్ని అందుకునే దాకా సొంత సైడ్‌బార్ కట్టేవాళ్లు చేయగలిగింది ఒకటే. స్టైల్‌షీట్ తీసేసి పేజీని ఒకసారి పైనుంచి కిందికి చదువుకుని, సైడ్‌బార్ ఎక్కడ తగులుతుందో చూసి, టెంప్లేట్‌లో దాన్ని పిలిచే వరుసను అక్కడికి జరపడం.